ఎనిమిదో టెంపరేచర్

అచ్యుతాపురం వెళ్లే నైట్ షిఫ్టు కంపెనీ బస్సులో అందరికీ టెంపరేచర్ చూసి రాయడం నా డ్యూటీ. కరోనా రోజులు. తొంభై తొమ్మిది దాటితే ఎక్కనివ్వకూడదు.

ఆ రాత్రి అనకాపల్లిలో ఏడుగురు ఎక్కారు. ఏడుగురి నుదుటికీ థర్మల్ గన్ పెట్టి రిజిస్టర్‌లో రాసుకున్నాను. బస్సు హైవే ఎక్కాక డ్రైవర్ నూకరాజు బాబాయి అద్దంలోకి చూశాడు.

"ఎనక సీట్లో పిల్లకి సూసేవా, పుష్పా?"

చివరి సీట్లో ఒకమ్మాయి మాస్కు కట్టుకుని కూర్చుంది. అది గంగాభవాని సీటు. గంగాభవాని ఆసుపత్రిలో చనిపోయి ఆరు రోజులైంది. ఆ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

కొత్తగా చేరిన పిల్లేమో అనుకుంటూ వెళ్లాను. అడక్కముందే నుదురు ముందుకు వంచింది. గన్ అంకె చూపించలేదు; 'లో' అని, అంటే మరీ తక్కువని చూపించింది. నా మణికట్టుకు పెట్టుకుంటే తొంభై ఏడు. మళ్లీ ఆమెకు పెట్టాను. మళ్లీ 'లో'. బస్సు కమ్మీకి పెడితేనే అలా వస్తుంది.

"ఎంతని రాయను?" అన్నాను, రిజిస్టర్ తెరిచి.

మాస్కు కదల్లేదు. మాట మాత్రం వినిపించింది.

"ఆబ్సెంటు పడితే పనిలోంచి తీసేత్తారని నాను బతిమాల్తే, ఆ రోజు నూట రెండుని తొంభై ఎనిమిదని రాసేవు కదక్కా. ఇయాల కూడా అలాగే రాసీ."