ఏసీ గదిలో చలిమంట

నా రాతలో ఒత్తులు తప్పుతాయి, గుణింతాలు తడబడతాయి. పెద్దతనంలో పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికీ చాలా కాలం పట్టింది. దిద్దుకుని చదవండి, మన్నించండి.

*

“వెలిగిందా?”

“లేదండి.”

బసవేశ్వరరావు రిమోట్‌ను అరచేతికేసి కొట్టాడు. మళ్ళీ నొక్కాడు.

గోడలో కొత్తగా అమర్చిన ఇనుప గూట్లో టిక్ టిక్‌మంది. ఆ తర్వాత సుయ్‌మంది. మంట మాత్రం రాలేదు.

ఊటీ హోటల్లో చూశాడాయన అలాంటిది. గోడలో మంట, చేతిలో రిమోట్. తెనాలిలో తన ఇంట్లోనూ అది ఉండాలని పట్టుబట్టి మద్రాసు నుంచి తెప్పించాడు. వంటగ్యాసు సిలిండరుకు గొట్టం తగిలించాడు.

“ఈ మండుటెండల్లో మనకి చలిమంట ఏంటండీ?” అంది భార్య వెంకటరత్నమ్మ.

“అందుకేగా ఏసీ పెట్టించింది! చలి పుట్టించుకుని మరీ మంట కాచుకుంటాం. ఊళ్లో ఎవరికుంది చెప్పు?”

ఆమెకు ఆ గూడంటే మొదటినుంచీ భయమే. పుల్ల గీసి వెలిగించే మంట కళ్లెదుట పుడుతుంది. ఎక్కడో కూర్చుని మీట నొక్కితే వచ్చే మంట ఎప్పుడొస్తుందో, ఎటు దూకుతుందో!

చల్లదనం పోకుండా కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. గూటి ముందు నేలమీద మనవరాలు చిన్ని బొమ్మలు పరుచుకుని ఆడుకుంటోంది.

“రిమోట్‌కి ఆ ప్లాస్టిక్ కవరు తీసి చూడండి.”

“తీస్తే మాసిపోదూ? టీవీ రిమోట్‌కి తీశామా?”

మళ్ళీ నొక్కాడు. టిక్ టిక్. సుయ్.

“ఏవండీ, ఏదో వాసనొస్తోంది.”

“గోడలకేసిన కొత్త రంగులే. నీకు ప్రతిదానికీ హడలే.”

తలుపు తెరుచుకుంది. ఆమె ఉలిక్కిపడింది.

కాపలా ఉండే చెంచురామయ్య.

“అమ్మగారూ, ఆ ముసలాయన ఇంకా అరుగుమీదే ఉన్నాడండి. అయ్యగారితో ఒక్క మాట మాట్లాడి పోతాడంట.”

“పేరేంటంట?”

“చెప్పట్లేదండి. అడిగితే ఇంటికేసి చూస్తాడు, అంతే.”

పొద్దున ఆమె కూడా చూసింది. మాసిన పంచె, ఎర్రబడిన కళ్లు. దణ్ణం పెట్టలేదు, చెయ్యి చాపలేదు. 

“పంపించెయ్ వాణ్ని. ముందు తలుపెయ్, చల్లగాలంతా పోతోంది,” అని కసిరాడు బసవేశ్వరరావు.

తలుపు పడింది. ఆయన ఇంకోసారి నొక్కి, ఉన్నట్టుండి నవ్వాడు.

“తెలిసిందే! ఫ్రిజ్ కొన్నా, స్కూటర్ కొన్నా హారతివ్వకుండా ముట్టుకున్నామా? దీనికివ్వలేదు. అందుకే మొరాయిస్తోంది. కర్పూరం పట్రా.”

ఆ మాటతో వెంకటరత్నమ్మకు కాస్త ధైర్యం వచ్చింది. కర్పూరం తను ఎరిగిన మంట.

గూటికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పళ్లెంలో కర్పూరం పెట్టి, తనూ చిన్ని పక్కనే కూర్చుంది. అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీసింది.

తలుపు దభాలున తెరుచుకుంది.

“గియ్యొద్దమ్మా! గియ్యొద్దు!”

అరుగుమీది మనిషి, కిటికీ అద్దంలోంచి చూసినట్టున్నాడు. ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని అగ్గిపెట్టె లాగేశాడు. హారతి పళ్లెం బోర్లాపడింది.

“ఒరేయ్! ఆడదాని చెయ్యి పట్టుకుంటావా?” అని లేచాడు బసవేశ్వరరావు.

అతను చిన్నిని భుజాన వేసుకుని బయటికి పరుగెత్తాడు.

“పిల్లనెత్తుకుపోతున్నాడు! పట్టుకోండి!”

ఆ కేక తనదేనని వెంకటరత్నమ్మకు తెలియలేదు. చెప్పుల్లేకుండా పరుగెత్తింది. వెనకే భర్త. గేటు దగ్గర చెంచురామయ్య అడ్డం పడ్డాడు. రోడ్డున పోయేవాళ్లు చుట్టుముట్టారు.

“ఏరా, పిల్లల్ని పట్టుకుపోయేవాడివా?”

“కొట్టండి. ఎంతైనా కొట్టండి. లోపలికి మాత్రం పోకండయ్యా... గ్యాసు...”

ఆ గోలలో అతని మాట ఎవరూ వినలేదు. దెబ్బలు పిల్లకు తగలకుండా వంగి, వీపు అప్పగించాడు. బసవేశ్వరరావు చేతిలో రిమోట్ ఇంకా అలాగే ఉంది. కోపంగా పిడికిలి బిగించి ఎత్తాడు.

ఇంట్లో టిక్ టిక్‌మన్న చప్పుడు బయటికి వినపడలేదు.

భూమి అదిరింది. కిటికీ అద్దాలు పగిలి తోటలో పడ్డాయి. హాల్లోంచి మంట గుమ్మం దాకా వచ్చి నాలుక చాపింది. కర్టెన్లు కాలుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు.

ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి. ఎవరో ఇసక కోసం, ఎవరో నీళ్ల కోసం పరుగెత్తారు.

చిన్ని ఆ మనిషి మెడ పట్టుకుని ఏడుస్తోంది. అతను మెల్లగా ఆ చేతులు విడదీసి, పిల్లను వెంకటరత్నమ్మకు అందించాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

“ఏం మాట్లాడదామని వచ్చావు బాబూ?” అని అడిగింది ఆమె.

అతను బసవేశ్వరరావును చూశాడు. పిల్లను చూశాడు.

“ఇప్పుడొద్దులేమ్మా.”

పైగుడ్డతో నోరు తుడుచుకుని నడిచిపోయాడు. ఆమె తేరుకుని, పిల్లను చంకనేసుకుని రోడ్డు మలుపు దాకా పరుగెత్తేసరికి రేపల్లె బస్సు కదిలిపోయింది.

వెంట వెళ్లిన చెంచురామయ్య ఎదురొచ్చాడు. ఆమెతోపాటు గేటు దాకా వచ్చి, అయ్యగారి ముందు ఆగాడు.

“పేరు చెప్పాడండి. లూకా అంట.”

బసవేశ్వరరావు ఆ మట్టిలోనే కూలబడ్డాడు.

పోయిన ఏడు బాపట్లలో ఆయన గోనెసంచుల గోడౌను అంటుకున్నప్పుడు, పనివాళ్లు మధ్యలో వెళ్లిపోకుండా బయట గడియ పెట్టించిన తలుపు వెనక కాలిపోయిన దీవెన అనే పిల్లకు ఆ లూకా తండ్రి.

*

— షేక్ మహబూబ్ బీ, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది అంగలకుదురులో.