మొక్కులు రెండు, కాయ ఒకటి

"తల్లీ, వరి పొట్టకొచ్చింది, బోరు ఎండింది. ఈ వారం గట్టి వాన పడాలె" అని కొమురయ్య పోచమ్మ ముందు చేతులు జోడించాడు.

పక్కనే నిలబడి భార్య నిర్మలమ్మ మొక్కింది. "తల్లీ, బంతితోట విరగబూసింది. బతుకమ్మ పండుగ దాక చుక్క రాలొద్దు."

కోడలు మేఘకు నవ్వాగలేదు. ఎంకపల్లిలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల. లెక్క తేలనిదే అన్నం సయించదు.

"అత్తమ్మా, ఒకరి మొక్కు తీరితే ఇంకొకరిది తప్పినట్టే కదా?"

"ఇద్దరం ఆమె పిల్లలమే. ఎవరిది ఎప్పుడు వినాల్నో ఆమెకెరుక."

"మరి పోయినేడు?"

"వాన పడ్డది. బంతంతా కుళ్లింది. వారం రోజులు మీ మామ నాతోని మెల్లగ మాట్లాడిండు."

"మరి కాయ ఒక్కటే తెచ్చిన్రేంది?"

"పగిలితే రెండు చిప్పలైతయి గద" అన్నాడు కొమురయ్య, ఇందులో అడగడానికేముందన్నట్టు. "నువ్వు గూడ మొక్కు బిడ్డా."

"నాకు నమ్మకం లేదు మామయ్యా."

"నమ్మకం సంగతి ఎవరడిగిన్రు? మొక్కు."

పెద్దాయన మాట తీసెయ్యలేక మేఘ కళ్లు మూసుకుంది. ఇక రోజూ పట్నంలోని ఆఫీసుకు రావాలని పొద్దున వచ్చిన మెయిల్ గుర్తొచ్చింది. ఎంతసేపటికీ కళ్లు తెరవలేదు.

కొమురయ్య కాయ కొట్టి, నీళ్లు చెంబులోకి వంచాడు. ఆయనో చిప్ప తీసుకున్నాడు, నిర్మలమ్మ ఇంకోటి తీసుకుంది.

మేఘ కళ్లు తెరిచి రెండు చిప్పలనూ చూసింది.

"మరి నాది?"

నిర్మలమ్మ చెంబు చేతికిచ్చింది.

"నీది నీళ్లల్ల ఉన్నది. తాగు."