కర్రను ఆపే చెయ్యి

కర్ర విరిగింది. తిక్కయ్య దాన్ని అవతల పారేసి ఇంకొకటి అందుకున్నాడు.

ఆదోని పత్తి మార్కెట్ ముందు వీధినాటకం. కింద పడి గిలగిలా కొట్టుకుంటున్న మూర్ఛరోగి వేషం రంగన్నది. గాలి సోకిందని చావగొట్టి వదిలించే భూతవైద్యుడి వేషం తిక్కయ్యది. మూర్ఛ జబ్బే, దానికి మందుంది, కొట్టొద్దు అని చెప్పడానికే ఈ ఆట.

చెప్పడం వేరు, జనానికి ఎక్కడం వేరు. ఎక్కిందో లేదో తేల్చుకోవడానికి ఆటను నడిపే నర్సు హెప్సిబా ఒక కొలత పెట్టుకుంది. చూసేవాళ్లలో ఒక్కరైనా లేచి వచ్చి ఆ కర్రను పట్టుకోవాలి. చప్పట్లు తూకానికి రావు.

ఎమ్మిగనూరులో ఎవరూ లేవలేదు. గోనెగండ్లలో నవ్వారు. "అట్లగాదప్పా, సెప్పు మూతికాడ పెట్టు" అని ఒక పెద్దాయన సలహా కూడా ఇచ్చాడు. ఆదోనిలోనూ ఇంతే అయితే ఆట మూసేద్దామని హెప్సిబా చెప్పేసింది.

మొదలయ్యే ముందు బతిమాలింది కూడా. "మెల్లగా కొట్టు తిక్కయ్యా. వానిది గూడా ఒళ్లే."

"మెల్లగా కొడ్తే వీళ్లకు తమాషా అక్కా. యట్ల కొడ్తారో నాకు తెలిసినంత నీకు తెల్దు."

"కొట్టనీలేక్కా," అన్నాడు రంగన్న. "లోపల గోనెసంచి సుట్టుకున్నా. నా పెండ్లాం కన్నా మెల్లగానే కొడ్తాడు."

ఇప్పుడు దెబ్బ గోనెసంచి లేనిచోట పడింది. రంగన్న పెదవి చిట్లింది. కారేది రంగు కాదని ముందువరుసకు తెలిసిపోయింది.

"వదల్తావా, వదలవా?" తిక్కయ్య రంగన్న జుట్టు పట్టి ఈడ్చాడు. మెడ మీద కాలు పెట్టి తొక్కాడు. కర్ర వదలకుండానే, ఎర్రగా కాల్చినట్టు రంగు పూసిన కొడవలిని రెండో చేత్తో ఎత్తాడు. "వాత పెడ్తే గానీ వదలవు!"

ఎవరూ నవ్వలేదు.

"ఒరేయ్!" జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే హనుమంతమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "ఆటైతే మాత్రం? జబ్బు మనిషిని అట్ల కొడ్తారేంరా, పాపిష్టోడా!"

కర్ర పట్టుకుంది.

హెప్సిబా ఊపిరి పీల్చుకుంది. తిరిగిన తిరుగుడు గిట్టుబాటయింది.

కానీ హనుమంతమ్మ అంతటితో ఆగలేదు. లాక్కున్న కర్రతోనే తిక్కయ్య నెత్తిన ఒక్కటి వేసింది. అది చూసి హమాలీలు దిగారు.

"కొట్టండప్పా నాకొడుకును!"

పిడికిళ్లు, మోచేతులు, కాళ్లు. "జబ్బుతో ఉన్నోన్ని కొడ్తావా?" అంటూ ఒక్కో తన్ను. ఇది ఆటేనప్పా అని అడ్డం పడిన హెప్సిబాను పక్కకు నెట్టేశారు. తిక్కయ్య వెల్లకిలా పడ్డాడు. తల రాతికి తగిలింది. కళ్లు పైకి తేలాయి. నోట్లో నురగ. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి.

"సూడు, ఇప్పుడు వీడు నటిస్తాండాడు!" ఒక హమాలీ డొక్కలో ఇంకొకటి తన్నాడు.

రంగన్న లేచి పరుగున వచ్చి, వాళ్లను రెండు చేతులా తోసి, తిక్కయ్యను ఒత్తిగిల్లబెట్టి, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ అన్నాడు: "ఏసం నాదప్పా, జబ్బు వీనిది."