ముగ్గురూ పండుకున్నారు

దామోదర్‌కి అది వరసగా నాలుగో రాత్రి డ్యూటీ. బెంగళూరు శివార్లలోని ట్రాకింగ్ కేంద్రంలో కూర్చుని, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నౌకతో మాట్లాడడం అతని పని. ఎవరు ముందు వెళ్ళాలా అని పదేళ్ళు పోటీపడిన మూడు దేశాలు చివరికి అలసిపోయి, దేశానికొకరు చొప్పున ముగ్గుర్ని కలిపి పంపాయి. మనవాళ్ళలో వెళ్ళింది హర్షిత, పాత బెంగళూరు తెలుగమ్మాయి.

రెండున్నరకి దామోదర్ మైకు నొక్కాడు. "హర్షితా, అందరూ పడుకున్నారా?"

"ముగ్గురూ పండుకున్నారప్పా," అంది ఓ ఆడగొంతు.

అతను నవ్వాడు. "మరి నువ్వో?"

"ఎవరితో మాట్లాడుతున్నారు సార్?" అంది పక్క సీట్లోంచి డాక్టర్ ఫాతిమా. "హర్షిత నిద్రపోయి గంటయింది."

ఆమె తెర మీద మూడు గుండెలూ నిద్రలో నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి. హెడ్‌ఫోన్‌లో మాత్రం ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

"ఎవరది?" అన్నాడు దామోదర్ మైకులో.

అదే గొంతు, ఇంకా మెత్తగా పలికింది.

"నాలుగు రాత్రులాయె నువ్వు కండ్లు మూసి. పండుకోప్పా. వాళ్ళను నేను చూసుకుంటా."

నౌకలో అందర్నీ లేపే అలారం మీట మీద దామోదర్ వేలు పెట్టాడు. నొక్కాలనే అనుకున్నాడు. కానీ రెప్పలు వాటంతటవే వాలిపోతున్నాయి. సాయానికి ఫాతిమా వైపు తిరిగాడు.

ఆమె తల అప్పటికే బల్ల మీద వాలిపోయి ఉంది.