చెయ్యి వెనక్కి పోయే రంగు

“తీసెయ్!”

ఆమె విసిరిన అట్ట బల్ల మీంచి జారి రంగుల నిపుణుడి ఒళ్లో పడింది. పొద్దున్నుంచి ఇదే వరస.

“మేడమ్, అది లేత నీలం. నీలం అంటే నమ్మకం. చూడగానే జనం మనసు కుదుటపడుతుంది.”

“ఎవడు కుదుటపడమన్నాడు? తీసెయ్.”

ఆయన ఇంకో అట్ట తీశాడు. మట్టి రంగు. ‘తొలకరి’ అని దానికి పేరు కూడా పెట్టుకొచ్చాడు.

“రంగు అడిగితే కవిత్వం తెస్తావేంటి నాయనా?”

తొలకరి కూడా ఒళ్లో పడింది.

పక్కనున్న అమ్మకాల మేనేజరు పళ్లు నూరాడు. వరండాలోకి వెళ్లినప్పుడు వీళ్లిద్దరూ ఆమెను అగ్గిపుల్ల అంటారు. పుల్లలా ఉంటుంది. ఇలా గీస్తే అలా మండుతుంది. నిన్నమొన్నటిదాకా కుట్టు మిషన్ తొక్కుకుని బతికిన మనిషి. మొగుడు పోబట్టి ఈ కుర్చీ దక్కింది. పెట్టె రంగు మీద చివరి మాట ఆ కుర్చీదే. అందుకే ఇంత ఓర్పు, ఇన్ని మేడమ్‌లూ.

ఆమెకూ తెలుసు ఆ సంగతి. వెనక ఏమనుకుంటే ఆమెకేం? ఆ పెట్టె అందంగా ఈ గది దాటిందంటే తను ఇక్కడికి వచ్చి కూర్చోవడమే దండగ.

మేనేజరు గొంతులో తేనె పోసుకున్నాడు. “అమ్మా, ఎరుపూ బంగారమే ఈ బ్రాండుకు ప్రాణం. మీరు ఎరుపు వద్దన్నారు, తీసేశాం. బంగారు గీత వద్దన్నారు, అదీ చెరిపేశాం. పోనీ ఆ మిగిలిన కాస్త అందమైనా ఉండనివ్వండి. లేకపోతే మా అమ్మకాలు ఏం కావాలి?”

“అందం ఉండకూడదనే కదయ్యా ఇంతసేపు గొంతు చించుకుంటున్నా! నీకు చెవుల్లో దూది పెట్టారా?”

నిపుణుడికి పౌరుషం వచ్చింది. చేతిలోని అట్ట బల్ల మీద పెట్టాడు.

“మేడమ్, ఒక్క మాట. పాత పెట్టె రంగులు ఎంచింది ఎవరనుకుంటున్నారు? నేను. ఆ ఎరుపు కుర్రాళ్లని కేకేసి పిలుస్తుంది. ఆ బంగారు గీత, చేతిలో పట్టుకున్నవాణ్ణి పెద్దమనిషిని చేస్తుంది. కొట్లో ఎన్ని పెట్టెలున్నా చెయ్యి దాని మీదకే పోతుంది. తండ్రి పట్టుకుంటే కొడుకూ దాన్నే పట్టుకుంటాడు. బ్రాండంటే అదీ!”

ఆమె విసరబోతున్న అట్ట చేతిలోనే ఆగిపోయింది.

“నువ్వేనా?”

“నేనే.” ఛాతీ విరుచుకున్నాడు.

“మా ఇంట్లో ఆ పెట్టె తప్ప ఇంకోటి అడుగుపెట్టలేదు. మా ఆయనకి అదే. ఇప్పుడు మావాడికీ అదే.”

“చూశారా మరి!” అన్నాడు నిపుణుడు సంబరంగా. “రంగు సత్తా!”

అగ్గిపుల్ల భగ్గుమంది. లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. ఆయన ముందున్న రంగు డబ్బాలన్నీ తన వైపు లాక్కుంది. టీ కప్పు కింది సాసరు గుంజుకుని అందులో ముదురు ఆకుపచ్చ ఒంపింది. దాని మీద గోధుమ రంగు. చాలలేదు. కాస్త పసుపు. ఇంకాస్త నలుపు. కుంచె ఎక్కడుందో వెతకలేదు, వేలు పెట్టి కలిపింది.

“ఆఖరి రోజుల్లో ఆయన మంచం పక్కన ఒక గిన్నె ఉండేది,” అంది కలుపుతూనే. “కడిగింది నేను. ఎంత తోమినా అడుగున ఒక రంగు మిగిలేది. నీ పుస్తకాల్లో దానికేం పేరు పెట్టారో చెప్పు, వింటాను.”

నిపుణుడు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఒక తెల్ల అట్ట తీసుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పులిమింది. తీసుకెళ్లి వాళ్లిద్దరి ముందూ కొట్టినట్టు పెట్టింది.

మేనేజరు ముక్కు మూసుకున్నాడు. రంగుకు వాసనేమీ లేదు. అయినా మూసుకున్నాడు. నిపుణుడు టీ కప్పు నోటిదాకా ఎత్తి, తాగకుండానే దించేశాడు.

“అట్ట తీసి చూడు,” అందామె.

ఆయన చెయ్యి చాపాడు. సగం దారిలో ఆగాడు.

“చెయ్యి… వెనక్కి పోతోంది మేడమ్.”

“అదీ రంగంటే!”

“ఇది వేస్తే బ్రాండుని పాతిపెట్టినట్టే!” మేనేజరు గొంతులో తేనె ఇంకిపోయింది.

“పాతిపెట్టడం నాకు కొత్త కాదులేవయ్యా. ఒకసారి చేసొచ్చాను.”

అట్ట వెనక్కి తిప్పి సంతకం గీకింది. సంచిలోంచి బట్టల కత్తెర తీసి అట్టను అడ్డంగా కత్తిరించింది. సంతకం ఉన్న ముక్క బల్ల మీద పడేసింది. రెండోది చేత్తో పట్టుకుని తడి ఆరేలా విసురుతూ తలుపు దాకా వెళ్లింది.

“అదెందుకు మేడమ్?” అన్నాడు నిపుణుడు.

“ఇంట్లో పనుంది.”

ఇల్లు చేరగానే మెడలోంచి ఆరోగ్య శాఖ కమిటీ కార్డు తీసి అవతల పడేసి, మేకుకు వేలాడుతున్న కొడుకు చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె లాగి, ఆ అట్టని దానికి తొడిగి కుట్టేసి, మళ్లీ ఉన్నచోటే పెట్టింది.