తాతయ్య మీద పందెం

“పెద్ద పందెం పెడితే తాతయ్య పారిపోతాడు అమ్మమ్మా. రెండో కాఫీ అను, చాలు,” అంది అక్షయ, తాతయ్య ఎదురుగానే, మామూలు గొంతుతో.

గొంతు తగ్గించాల్సిన అవసరమేమీ లేదు. రామకోటేశ్వరరావుకి చెవుడు. వీధిలో టపాకాయలు పేలినా, ఎవరో తలుపు కొడుతున్నారు చూడమంటాడు. అందుకని భవానీపురంలోని ఆ ఇంట్లో ఆయన గురించి ఏం మాట్లాడుకోవాలన్నా ఆయన పక్కనే కూర్చుని మాట్లాడుకోవడం అలవాటైపోయింది.

మాణిక్యమ్మ గొంతు పెంచింది. “ఏమండీ! రెండో కాఫీ పందెం!”

“ఏంటీ?”

“కాఫీ! రెండోది!”

ఆయన మొహం వెలిగింది. ముక్కలు పంచమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆట మూడు ముక్కలు. డబ్బుల ఊసు లేదు. డాక్టరు వద్దన్న మిరపకాయ బజ్జీలు, మాణిక్యమ్మ మానిపించిన రెండో కాఫీ, ఇలాంటివే పందేలు. సెలవులకి ఇంటికొచ్చిన అక్షయ ఈ ఆటకి దిగడంలో పెద్ద పథకమే ఉంది. హాస్టల్లో పోకర్ పిచ్చి ఉన్న స్నేహితుల దగ్గర నేర్చుకున్న పథకం.

“ఎదుటి మనిషికి ఆట రాకపోతే చిన్న పందేలతో మొదలెట్టాలి అమ్మమ్మా. గెలుస్తున్నానన్న సరదాతో లేవకుండా కూర్చుంటాడు. మనకి మంచి ముక్కలు పడ్డ రోజున పెద్దది పెట్టి కొట్టెయ్యాలి.”

ఆ పెద్ద పందెం చెవి మిషను. అది ముసలాళ్ళు పెట్టుకునేదని రామకోటేశ్వరరావు వాదన. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి.

ఈ ఆదివారం అక్షయ మొదటి వీణ కచేరీ. చిన్నప్పుడు ఆమెని స్కూటర్ మీద వీణ క్లాసుకి తీసుకెళ్ళి, అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చుని విన్నది ఆయనే. ఇప్పుడు ఆమె వాయిస్తుంటే వేళ్ళు చూస్తాడు, వేళ్ళు ఆగగానే “బ్రహ్మాండం” అంటాడు. నిన్న సాధన మధ్యలో ఆమె ఒక స్వరం తప్పితే మాత్రం మొహం చిట్లించాడు. కాఫీ చేదుగా ఉందేమో అనుకుంది.

“నాకు జత పడిందే, రెండు రాజులు,” అంది మాణిక్యమ్మ ముక్కలు చూసుకుని.

“నోరు మూసుకుని పందెం పెంచు అమ్మమ్మా.”

ఆమె పెంచింది. రామకోటేశ్వరరావు తన ముక్కలు కింద పడేశాడు. మరుసటి ఆటలో అక్షయ, “నా దగ్గర ఏమీ లేదు, ఊరికే బెదిరిస్తున్నా,” అంటూ పందెంలో బజ్జీలు కూడా కలిపింది. ఆయన బెదరకుండా ముక్కలు చూపించమని గెలిచేశాడు.

“మీ తాతయ్యకి ఈమధ్య సుడి తిరిగిందే,” అంది మాణిక్యమ్మ. “ఆ జుట్టు చూడు, చెవులు మూసేస్తోంది. కటింగ్‌కి వెళ్ళమంటే ఉగాది నుంచీ వెళ్ళడు. కటింగ్ చేయించుకుంటే అదృష్టం పోతుందేమోనని భయం కాబోలు.”

శుక్రవారం దాకా అదే తంతు. ఆయన కాఫీలు తాగాడు, బజ్జీలు తిన్నాడు, మనవరాలి బండి వెనక కూర్చుని బ్యారేజీ మీద షికారు కొట్టాడు. అక్షయకి మాత్రం ఎదురుచూసిన ముక్కలు పడలేదు. ఆదివారం మీదికొస్తోంది. ఆమెకి ఓపిక చచ్చింది. ముక్కలు పంచగానే, చూసుకోకుండానే లేచి నిలబడింది.

“తాతయ్యా! ఇది ఓడితే నువ్వు చెవి మిషను పెట్టించుకోవాలి! గెలిస్తే ఆ మాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తరు! ఒట్టు!”

పక్కింటావిడ బాల్కనీలోకొచ్చి చూసింది. రామకోటేశ్వరరావు తన ముక్కలు చూసుకున్నాడు. నవ్వాడు. “సరే, పెట్టు,” అన్నాడు హుషారుగా.

అక్షయ ముక్కలు ఎత్తి చూసుకుంది. మొహం మాడిపోయింది.

“ఏం పడ్డాయే?” అంది మాణిక్యమ్మ.

“రెండు, అయిదు, తొమ్మిది. అయిపోయింది అమ్మమ్మా. తొందరపడి చెడగొట్టుకున్నాను.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “హాలు నిండా జనం ఉన్నా నాకెందుకు చెప్పు? నన్ను వీణ దగ్గర కూర్చోబెట్టిన మనిషి. ఆయనొక్కడు వింటే చాలనుకున్నా. ఆదివారం కూడా నా వేళ్ళే చూస్తాడు.”

రామకోటేశ్వరరావు తన ముక్కల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని బోర్లా పెట్టి, పేకలో దూర్చేసి కలిపేశాడు.

“నావల్ల కాదమ్మా. ఓడిపోయాను.”

అక్షయ కేక పెట్టి తాతయ్య మెడకి చుట్టుకుంది. “చూశావా అమ్మమ్మా! పెద్ద పందెం అనేసరికి బెదిరిపోయాడు! ఆట రానివాళ్ళంతా ఇంతే!”

“నీ బుర్రే బుర్ర,” అంది మాణిక్యమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే అక్షయ ఆయన్ని గవర్నర్‌పేటలో చెవి మిషన్లు అమ్మే కొట్టు ముందు దింపింది. బోర్డు చూడగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

“ఇక్కడొద్దమ్మా. బెంజి సర్కిల్ దగ్గర ఇంకా మంచివి దొరుకుతాయట.”

“ఒట్టేసుకుని ఆడాం! తప్పించుకుందామనా?” చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

“బందరు రోడ్డులో కూడా ఒకటుందే...”

గాజు తలుపు తెరుచుకుంది. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తి, ఆయన్ని చూసి ఆత్మీయంగా నవ్వింది.

“రండి బాబాయ్ గారూ, బ్యాటరీలు అప్పుడే అయిపోయాయా?”