మేడ మీది దొరగారు

“దిగు! ముందు కిందికి దిగు!”

మేడ మీంచి వచ్చిన ఆ అరుపుకి, సగం మెట్లెక్కిన పాప బిక్కచచ్చిపోయింది.

కింది వాటాలో బట్టలు కుట్టుకునే తల్లి, మిషను వదిలేసి పరుగున వచ్చి పాపని చంకనేసుకుంది.

“పసిపిల్ల కాలు పెడితే మెట్లు అరిగిపోతాయా?” అంది తల పైకెత్తి.

తలుపు దభాలున మూసుకుంది.

ఆయన ఆ మేడ మీది గదిలో దిగినప్పటి నుంచీ ఎవరితోనూ మాటా మంతీ లేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుని పక్కకి జరిగిపోతాడు. అందుకే ఆమె ఆయనకి ‘దొరగారు’ అని పేరు పెట్టింది.

ఆ వారంలోనే ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. వరదొస్తే ఎవరికి ఎక్కువ ముప్పో ఇల్లిల్లూ తిరిగి కనుక్కుంటోంది.

“మీ ఇంట్లో నడవలేనివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్నారా అమ్మా?”

“మా అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి. పాపకి పుట్టుకతోనే ఊపిరితిత్తులు బలహీనం.”

“నీళ్లొస్తే ఎక్కడికెళ్తారు?”

“పైకెళ్దామంటే దొరగారు మెట్టెక్కనివ్వరుగా!”

నర్సమ్మ మేడ మీదికి వెళ్లింది. చాలాసేపటికి గానీ దిగలేదు. దిగాక నేరుగా పక్కింటికి వెళ్లిపోయింది.

వానలు ముదిరాక ఒక పొద్దున కాలువ గట్టు తెగింది. చూస్తుండగానే నీళ్లు గడప దాటి మంచాన్ని ముంచేశాయి.

పాపని భుజాన వేసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, ఆమె మెట్ల దగ్గర తటపటాయించింది.

“ఇంకా చూస్తారేంటి? పైకి రండి!”

దొరగారే. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు.

వాళ్లు ఎక్కేలోపే గది వదిలేసి బయట డాబా మీదికి వెళ్లిపోయాడు. గదంతా ఫినాయిలు వాసన. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. జల్లు కొడుతోందని ఆమె ఒక రెక్క లాగబోయింది.

“మూయొద్దు!” అని కేకేశాడు బయట్నుంచే.

“లోపలికి రా నాయనా, తడిసిపోతున్నావు. అందరం సర్దుకుందాం” అంది అత్తగారు.

“నాకు నలుగురిలో పడదు పెద్దమ్మా.” మాట పూర్తి కాకుండానే దగ్గొచ్చి అటు తిరిగిపోయాడు.

పగలంతా వాన. చిరుగుల పట్టా కప్పుకుని పిట్టగోడ మూలన ముడుచుకుని కూర్చున్నాడు.

“మా గాలే గిట్టనప్పుడు రమ్మనడమెందుకో!” అంది ఆమె, ఆయనకి వినబడేలాగే.

ఆయన పట్టాని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

సాయంత్రానికి పడవ వచ్చింది. ఎంత పిలిచినా ఆయన లేవలేదు. పడవవాళ్లు మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది.

మూడోనాడు నర్సమ్మ వాళ్లున్న వరద శిబిరానికి వచ్చింది.

“మీ మేడ మీదాయన పొద్దున ఆసుపత్రిలో పోయారమ్మా.”

ఆమె పాపని ఒళ్లోకి లాక్కుంది.

“ఎంతైనా మాకు చోటిచ్చిన మనిషి. మా పక్కన వచ్చి కూర్చుంటే బతికేవాడు కదా! అంత బిగువేంటండీ?”

నర్సమ్మ పాప వీపుకి స్టెతస్కోపు ఆనించి శ్రద్ధగా విన్నది. తర్వాత మెల్లగా అంది.

“బిగువు కాదమ్మా. ఆయనకి క్షయ, మందులకి లొంగని రకం. తెలిస్తే ఖాళీ చేయిస్తారని ఎవరికీ చెప్పుకోలేదు. ‘వరదొస్తే మిమ్మల్నెక్కడికి చేర్చమంటారు?’ అని ఆ రోజు నేనాయన్ని అడిగితే, ‘నా సంగతి తర్వాత, కిందివాళ్లు నా గదిలోకే కదా రావాలి, ఆ పాపకి ఇది అంటకుండా నేనేం చెయ్యాలో చెప్పండి’ అన్నారు.”